శనివారపు నువ్వులు

ప్రచండ మార్తాండ కిరణ పరంపరా సంతప్త శిలాతలమును శుష్క తృణ గుల్మ లతా ధూసరితమును నిర్జల నిర్ఝర రేఖాంకిత పార్శ్వమును నగు ఱెక్కలకొండ మీఁద గ్రీష్మాపరాహ్ణము కదలనొల్లక నిలిచియుండెను. తుమ్మకొమ్మలయందుఁ గాకులు సైతము నోళ్లు దెఱచి రొప్పుచుండెను. బురుజుల నీడలు తూర్పునకు సాగుచుండఁగా ఆ వేళకే క్రింది మైదానమునుండి వంటపొగలు మీఁదికిఁ బ్రాఁకఁ జొచ్చెను. అవి కోటలోని పొగలు గావు. కోటను జుట్టుముట్టి విడిసియున్న భైరవరాజు దండులో వండించుచున్న యన్నపుఁ బొగలు. గాలి యే దిక్కునుండి వీఁచునో కనిపెట్టి ఆ దిక్కుననే పొయ్యిలు పెట్టించి నేతిపోపుల కమ్మఁదనమును గోటవాకిలియగు గవని మీఁదుగా లోనికిఁ బంపుటయే ఆ దొర కనిపెట్టిన యుద్ధనీతి. కత్తితో గెలువలేనివాఁడు కరివేపాకుతో గెలువఁ జూచుచుండెను. ఇంతకంటె శౌర్యము వాని వంశమున మునుపెవ్వరును జూపియుండరు.

కోటలోనన్ననో పొయ్యిలన్నియుఁ జల్లారియుండెను. ముట్టడి మొదలైన వసంతారంభమున ధాన్యపు గాదెలు నిండియే యుండెను గాని కొండక్రింది పల్లెలవారందఱును బిల్లలతో మేఁకలతోఁ గోటలోనికిఁ బరుగెత్తివచ్చుటచేత ఆ గాదెలు ఎవ్వరును ఊహింపనంత త్వరగా అడుగంటెను. వడ్లయిపోయెను. జొన్నలయిపోయెను. మేఁకలును నయిపోయెను. చింతచిగురు దూసి దూసి చెట్లు మోడులయ్యెను. కొండదొనయందు నీరు మాత్ర మెన్నఁడును నింకనిదగుటచేత జనులు దాహమునకుఁ జావక యాఁకటికిఁ జిక్కి సగము ప్రాణముతో బ్రదుకుచుండిరి. మెట్లెక్కునప్పు డాఁడువారి మోకాళ్లు వడఁకుచుండెను. కావలిభటులు ఈటెలను ఊఁతకోలలుగాఁ జేసికొని నిలువఁజొచ్చిరి. దుర్గాధిపతి కొండమరాజు భార్యయగు మాణిక్యాంబ ముట్టడినడుమనే మగశిశువును గనియెను గాని యామెకుఁ బాలు పడలేదు. ఆ శిశువు మొదట నేడ్చెను. పిమ్మట నేడ్చుటకు సైతము ఓపిక చాలక తల్లి ఱొమ్ము నోటఁ బెట్టుకొని ఊరకే కనులు దెఱచి చూచుచుండెను. ఏడ్చు బిడ్డను జూచి తల్లి యొక్కతెయే కలఁగును. ఏడువని బిడ్డను జూచి కోటయంతయుఁ గలఁగెను.

వచ్చు పున్నమనాఁటికి గవని దెఱచి యాయుధములు దిగవిడిచి స్త్రీపురుషులందఱును దోసిళ్లు చాఁచికొని తన డేరా ముంగిటికి దిగివచ్చినచో గంజి పోయించెదనని భైరవరాజు రాయబార మంపియుండెను. గంజి మాటకంటెను దోసిళ్ల మాటయే కొండమరాజు గుండెలో ముల్లై నాటెను. పగవానితోఁ బోరి పడిపోవుట యాతనికిఁ గొత్త గాదు గాని పగవాని ముందు ముష్టియెత్తుట యాతని వంశమున లేదు. అయినను రోషము పోసి బిడ్డను బ్రదికింప నెవ్వనితరము? ఆతఁడు రెండు దినములు బురుజులపైఁ దిరిగి దిరిగి తుదకు ఆ సాయంకాలము సభ చేయించి గవని తెఱచెదనని చెప్ప నిశ్చయించుకొనెను.

ఆ నిశ్చయము విని యొడలెల్ల మండినది యొక్క లక్కమాంబకే.

ఈమె కొండమరాజునకు అక్కగారు. పెండ్లియైన యేఁడాదికే భర్త రణమునఁ బడఁగా పసుపుకుంకుమలు గోలుపోయి పుట్టినింటికి మరలివచ్చి యిప్పటికి నడివయస్సు దాఁటినది. ఈమె శుభకార్యముల కెదురు రారాదు. నూతనవధువు మొగము చూడరాదు. వంటయింటఁ గూరలు తఱుగవచ్చును గాని పందిటిలో వడ్డింపరాదు. ఈ కాదు రాదులనెల్ల నామె కొసఁగిన లోకము ఆమె నివాసమునకు సైతము దానికిఁ దగిన చోటే చూపెను. కోట మూలనున్న శనైశ్చరుని గుడికి వెనుక నానుకొనియున్న చిన్న యిల్లే యామెకుఁ గాపురము.

ఆ గుడికి శనివారము శనివారము కోటవారును గొండక్రింది పల్లెలవారును వచ్చుచుండిరి. జాతకమున శని కూడని చోటఁ గూర్చున్నవారు నువ్వులను నల్లగుడ్డలో మూటఁగట్టి తల చుట్టును దిప్పికొని తమ పీడ దానితోఁ బోవుఁగాక యని తలఁచి గుడిగడపమీఁద నునిచి పోవుదురు. అంతటితో వారి పాపమును రోగమును నువ్వులలోనికి దిగిపోవునని నమ్మకము. ఆ దానము పట్టుట కొక్క కుటుంబమువారే యుండిరి. వారు మూటలను కొండ దింపి యేటఁ గలిపెడివారు. ఆ కుటుంబమునఁ గడపటివాఁడు పోయిన పిమ్మట నట్టి భాగ్యమునకు మఱియెవ్వరును ముందుకు రాలేదు. మూటలు మాత్రము వచ్చుట మానలేదు. వచ్చినవానిని వచ్చినట్లు గుడివెనుకటి కొట్టులోఁ బడవైచుచుండఁగా ఊరివారి పాపమంతయు ఆ కొట్టులోఁ గప్పు నంటునంతగాఁ బెరిఁగెను.

ఆ కొట్టు నూడ్చుటయుఁ గావలి కాచుటయు లక్కమాంబ పాలఁ బడెను. పాపపు మూటల నంటినచోఁ బోవుటకు ఆమెయొద్ద సౌభాగ్యమేమియు మిగులలేదు గదా యని లోకుల తర్కము. ఎంత సుకుమారమైన తర్కము! ఒకానొక వర్షాకాలమున నామె జ్వరముపడి లేచెను. విధవకు విధించిన యొంటిపూఁట భోజనముతో నెముకలు పుల్లలై మోకాళ్లు పట్టుకొనిపోయి గోడ పట్టుకొనక లేవలేని స్థితి వచ్చెను. రెండవపూఁట యన్నము నడుగ నభిమాన మడ్డువచ్చెను. అట్టి యొక సంధ్యవేళ నామె కొట్టులోని మూట యొకటి విప్పి గుప్పెడు నువ్వులు పెనముమీఁద చిటపటలాడునట్లు వేఁపుకొని యుప్పుకల్లుతో నమలి తినెను. పిడుగు పడలేదు. మఱునాఁడును దినెను. అప్పుడును బడలేదు. నెలలు గడచుకొలఁది మోకాళ్లు సడలెను. విఱిగిపోవుచున్న గోళ్లు గట్టిపడెను. నీళ్లకడవ నడుమున నిడుకొని దొననుండి యొక్కబిగిని నెక్కివచ్చు సత్తువ వచ్చెను. నాఁటినుండి యామె మూటలు విప్పి చెఱిగి యేఁటేఁట నెండఁబోసి వేపాకు గలిపి కుండల కెత్తి దాఁచుచుఁ దాను దినుచు ఆ మాట యెవ్వరికిని జెప్పక కాలము గడపుచుండెను. చెప్పినచోఁ దమ్ముని గడపలో నున్న యా మూఁడడుగుల చోటును బోవునని యామెకు బాగుగఁ దెలియును. వెళ్లి తలదాఁచుకొనుట కామెకు వేఱొక గడప లేదు.

ముట్టడి మొదలైననాఁటినుండియుఁ దనకు వచ్చు గింజలవంతు పల్లెపిల్లల కిచ్చివేసి తాను నువ్వులతోనే ప్రాణము నిలుపుకొనుచుండెను. ఇతరులకును బెట్టవలెనని యామె కెన్నిమాఱులు తోఁచలేదు! తోఁచినప్పుడెల్ల భయము నోరు మూసెను. అది యామె దౌర్బల్యము. దానిని గప్పిపుచ్చుట కథకునకు ధర్మము గాదు.

ఆ యుదయము మాత్ర మామె ధైర్యము చిక్కఁబట్టుకొని దంచిన నువ్వులపొడి యొక దొప్పలోఁ గొని మాణిక్యాంబకడ కేఁగెను. "మఱఁదలా! ఇది దినుము. పాలు పడును" అని చేతి కిచ్చెను. మాణిక్యాంబ వాసన చూచెను. ఆఁకటిచేత నామె పెదవులు తామే కదలెను. అంతలో "ఇవి యెచ్చటివి వదినగారూ? కోటలో నువ్వులు లేవు గదా" యని యడిగెను. లక్కమాంబ కబద్ధ మాడుట చేతఁగాలేదు. నిజము విన్నంతనే యా తల్లి దొప్పను నేలఁబెట్టి శిశువును గుండెల కదుముకొని "నేను జచ్చిన జత్తును గాని నా బిడ్డకు శని సోఁకిన పాలు పట్టను" అని మొగము ద్రిప్పుకొనెను. లక్కమాంబ దొప్ప నెత్తుకొని వెలికి వచ్చెను. రహస్యముగాఁ బెట్టిన ముద్దతో నీ భయము తీఱదనియు నలుగురిలో దీనిని విఱువనిది యొక్క బిడ్డయు బ్రదుకదనియు నామెకు నిశ్చయమయ్యెను. తన గడప మాట యిఁక నామెకు జ్ఞప్తికి రాలేదు.

సాయంకాలము సభామండపమునకుఁ గోటవారందఱును జేరిరి. చేరిరనుటకంటె వచ్చి కూలఁబడిరనుట సత్యము. కొండమరాజు నిలువఁబడి గొంతు సవరించుకొని "పున్నమనాఁ డుదయమున గవని..." అని యారంభించునంతలో మండపపు మెట్లమీఁద నడుగుల చప్పుడు వినఁబడెను. ఇద్దఱు భటులు గూడి యెత్తలేని కుండను నెత్తిమీఁద నిడుకొని లక్కమాంబ యొంటిగా మెట్లెక్కి వచ్చుచుండెను. ఆమె యాయాసపడుట లేదు. సభ యంతయు మొదట నామెను గాక యామె నడకను జూచెను. అందఱును బల్లులవలె గోడలకు స్తంభములకు నంటుకొని యున్న యా వేళ నొకతె యట్లు నిటారుగా నడచుట వింతగాఁ గనఁబడెను.

ఆమె కుండను నడిమండపమున దింపి మూఁత తీసి "తమ్ముఁడా! గవని మాట పిమ్మటఁ జూతము. కోటలో నన్నము లేదని చెప్పినవా రెవ్వరు? ఇదిగో నన్నము. ఇట్టి కుండలు కొట్టునిండ నున్నవి" అని పలికెను.

పురోహితుఁడగు పేరిభట్టు కుండలోనికిఁ దొంగిచూచి నిప్పు త్రొక్కినట్లు వెనుకకు జరిగెను. ఆయన దుష్టుఁడు గాఁడు. తనవంతు జొన్నలను బాలింతల కిచ్చివేసి దినమున కొక్కమాఱు తులసినీళ్లు గ్రోలుచు నిలిచినవాఁడు. మొండితనమున నాయనకు సాటి లక్కమాంబయే. ఆయన "ఇవి శనిదానపుఁ దిలలు గదా! అమ్మా! నీకు మతి చలించినదా? పది యూళ్ల పాపమును బసిపిల్లల నోటఁ బోయుదువా?" అని గద్దించెను.

"పోయుటకు ముందు రుచి చూచియే తెచ్చితిని. ఏండ్ల తరబడి నేను దినుచున్నవి యివియే" యని యామె బదులు చెప్పెను.

సభలో నొక్కమాఱుగాఁ గలకలము పుట్టెను. కొండమరాజు మొగము నల్లఁబడెను. పేరిభట్టు చేయి పై కెత్తి "వినుఁడు! వినుఁడు! ముట్టడికి మూలము దొరకినది. గడపమీఁద విడిచిన పీడను గడుపులోఁ బెట్టుకొని యీమె కోటకుఁ జుట్టినది. శనైశ్చరుఁ డూరక కోపించునా?" అని యఱచెను. ఆ మాటకు జనులలోఁ బలువురు తల లూఁచిరి. తమ కష్టమునకుఁ గారణము కంటికెదుట నిలుచుండుట యాఁకలిగొన్నవారికిఁ గొంత యూఱట.

లక్కమాంబ కదలలేదు. ఆమె కనులలో నీరు లేదు. ఇన్నేండ్లుగా మింగిన మాటలన్నియు నానాఁడు గొంతులోనికి వచ్చెను. "పురోహితులవారూ! నేను దినఁదొడఁగిన పిమ్మట నా తమ్ముఁడు రెండు యుద్ధములు గెలిచినాఁడు. ఆ గెలుపులు లక్కమాంబ వలన వచ్చినవని మీ రొక్కనాఁడైన నన్నారా? ముట్టడి మాత్రము నావలన వచ్చినదెట్లు? శనైశ్చరుఁడు నన్నుఁ జంపఁదలఁచినచో నాయనకుఁ గావలసినంత తీఱిక దొరకినది. నేను గోటగోడ దాఁటి పాఱిపోలేదు. ఆయన గుడివెనుకనే యున్నాను. ఆయన నూనె దీపము నేనే వెలిగించుచున్నాను. ఆయన నన్నుఁ జూచుచునే యున్నాఁడు. నేను దినుచునే యున్నాను. ఈ మండపమున నిలువఁగలిగినవారు నాకంటె వేఱొక రున్నచో లేచి నిలిచి మాటాడుఁడు" అనెను.

ఎవ్వరును లేవలేదు. లేవవలెననుకొన్నవారికి మోకాళ్లు సహకరింపలేదు.

అప్పుడు కొండమరాజు మెల్లగా వైద్యుని వంకఁ దిరిగి "సింగనార్యా! శాస్త్ర మేమనును?" అని ప్రశ్నించెను. స్తంభమున కానుకొనియున్న సింగనవైద్యుఁడు "మహారాజా! తిలలు బలకరములు. స్నిగ్ధములు. ఎముకలకుఁ బుష్టి నిచ్చును. రక్తము నూరించును. బాలింతకుఁ బాలు వర్ధిల్లఁజేయును. కొంచెము వేఁడిచేయునవి గాన మితముగఁ దినవలయును. గుణము గింజయందుండును గాని దాని నిచ్చినవాని జాతకమునం దుండదు" అని చెప్పెను.

పేరిభట్టు "తెలిసినచో నిన్నాళ్లు నీ వేల నోరు మెదపలేదు?" అని మండిపడెను.

వైద్యుఁడు తల వంచుకొని "భయపడితిని స్వామీ! ఆ కొట్టులో నా మూటలును రెండున్నవి" అనెను. అంతటి దుఃఖమునందును నెవ్వఁడో కిసుక్కున నవ్వెను. నవ్వు విని చాలనాళ్లైన యా సభలో నది యొక మంచి శకునము.

లక్కమాంబ యిఁక నెవ్వరి యనుమతికిని వేచియుండలేదు. కుండలో దోసిలి ముంచి నువ్వులు దీసి నిలుచున్నచోటనే నోటఁ బోసికొని నెమ్మదిగా నమలెను. దవుడలు గదలుచుండ సభనంతయుఁ గలయఁజూచెను. ఆ చూపులో వేఁడుకోలు లేదు. మింగిన పిమ్మట "నన్ను వెడలఁగొట్టఁదలఁచినచోఁ గొట్టుఁడు. గవని దెఱచినప్పుడు మొదట నన్నే పంపుఁడు. అయితే నేను భైరవరాజు ముందు చేయి చాఁపను. కడుపునిండఁ దిని పోవుచున్నాను" అని పలికెను.

ఆ మాట ముగియకమునుపే యంతఃపురపుఁ దెర కదలెను. మాణిక్యాంబ శిశువును భుజమున వైచుకొని గోడ పట్టుకొనుచు నడచివచ్చెను. ఉదయమునఁ ద్రిప్పుకొన్న మొగమును దిన్నఁగా నెత్తి వదినగారి యెదుట నిలిచి కుడిచేయి చాఁచెను. "పున్నమనాఁడు పగవాని ముందుఁ జాఁపవలసిన చేయి యిది. నేఁడు మీ ముందుఁ జాఁచెదను. పెట్టుఁడు. శని వచ్చినచో నా గుమ్మమునకే రమ్మనుఁడు. బిడ్డను బ్రదికించి యాతనికి జవాబు చెప్పెదను" అనెను. లక్కమాంబ యా చేతిలోఁ జిటికెఁడు మాత్రమే యుంచి "మెత్తగా నమలుము. ఎండిన కడుపున కొక్కమాఱుగా నింపరాదు" అని చెప్పెను.

కొండమరాజు భార్యను జూచెను. అక్కను జూచెను. తాను గవని తెఱచెదనని చెప్పవచ్చిన వాక్య మింకను సగముననే యుండెను. ఆతఁడు దానిని బూర్తి చేయలేదు. సింహాసనము దిగి వచ్చి కుండ ముందుఁ గూరుచుండెను. రాజు గూరుచున్న పిమ్మట నితరులు గూరుచుండుటకు శాస్త్ర మక్కఱలేదు.

ఆ సాయంకాలమే కోటలోఁ బొయ్యిలు మరల రాఁజెను. లక్కమాంబ కొంగు బిగించి కుండలన్నియు వెలికిఁ దీయించెను. ఒక్క నువ్వులతోనే యామె తృప్తిపడలేదు. గుఱ్ఱముల నిగనిగలకై దాఁచిన యవిసెగింజలు సాలలో నింకను గలవని యామె యెఱుఁగును. గుఱ్ఱములు పోయినను గుఱ్ఱముల తిండిని మనుష్యులు ముట్టరాదను నియమము మాత్రము పోలేదు. ఆమె సాలతలుపు తీయించెను. దిష్టి తీసి గవని ముందుఁ బగులఁగొట్టిన బూడిదగుమ్మడికాయల గింజలు ఎండి యెండి గోడవారను బడియుండెను. ఆమె వానిని నేఱించి కడిగించి యొలిపించెను. దిష్టి తగిలినదో లేదో గాని పప్పు తియ్యగానే యుండెను. నువ్వులను దోరగా వేఁచి యుప్పును రెండెండుమిరపకాయలును జేర్చి దంచించెను. అవిసెలను వేఁచి పొడిచేసి నీళ్లలోఁ గలిపి చిక్కని జావగాఁ గాఁచించెను. గింజను దంచక నమలక మింగినచో వచ్చినదారినే పోవుననియు దంచి తినినచో నొంటఁ బట్టుననియు నవిసెలు తినినవారు నీరు మెండుగాఁ ద్రాగవలెననియు నామె చెప్పని నోరు లేదు. ఎక్కువ పెట్టుమని గోలపెట్టిన బలిసిన భటుని నొకని గరిఁటెతో నదల్చెను. ఆ బలుపు ముట్టడికి ముందటిది. వాఁడు మాత్రము దానిని మఱవలేకుండెను.

అందఱును దినలేదు. పేరిభట్టు తినలేదు. ముసలివా రిద్దఱు ముగ్గురు శనిభయమునఁ దలుపులు మూసికొనిరి. వారిలో నొకఁడు తలుపు తీయకయే పోయెను. లక్కమాంబ వానికొఱకుఁ జాలసేపు గుమ్మమునఁ గూరుచుండి యేడ్చెను. నే నింకొక నెల ముందు నోరు తెఱచియుండిన నని యామె యనుకొన్న మాట యెవ్వరును వినలేదు. పేరిభట్టు కోడలు మాత్రము పెరటిదారిని వచ్చి పిల్లలకుఁ బొడి తీసికొనిపోవుచుండెను. ఆయన చూచుచు నేమియు ననకుండెను. ఆయన తన దేహమునకు విధించుకొన్న నియమమును మనుమల దేహములకు విధింపలేకపోయెను.

దినదినమునకును మార్పు గానవచ్చెను. ఈటెలు మరల నీటెలయ్యెను. స్త్రీలు మెట్ల నడుమ నాగకుండ నెక్కుచుండిరి. ఒక యుదయమున మాణిక్యాంబ నిద్ర మేలుకొని రవికె తడిసియుండుట చూచి యొక క్షణము దిగ్భ్రమ నొంది పిమ్మట శిశువును లాగి యక్కునఁ జేర్చెను. బిడ్డ గుటుకుగుటుకున మింగిన చప్పుడునకు దాదులు వాకిటికిఁ బరుగెత్తి వచ్చిరి. కడుపు నిండిన యా శిశువు చాలనాళ్లకు మొదటిమాఱు కోట దద్దఱిల్ల నేడ్చెను. ఆ యేడుపు విని బురుజులమీఁది భటులు జయజయధ్వానము చేసిరి. క్రింద దండులోనివా రా కేక లేమిటో తెలియక పొయ్యిలకడ నిలువఁబడి మీఁదికిఁ జూచిరి.

పున్నమనాఁడు భైరవరాజు రాయబారి తెల్లగుడ్డ నెత్తుకొని గవనిముందునకు వచ్చెను. అస్థిపంజరముల గుంపు దోసిళ్లతో దిగివచ్చునని యాతఁడు దారి నడుమనుండి తొలఁగి నిలిచెను. గవని తెఱవఁబడలేదు. గవనిపై నున్న బురుజుమీఁదఁ గొండమరాజు నిలిచియుండెను. ఆతని ప్రక్క నాతని భార్యయు నామె ప్రక్క లక్కమాంబయు నుండిరి. ముగ్గురును నిటారుగానే నిలిచియుండిరి. "మీ దొరతోఁ జెప్పుము. రమ్మన్న దోసిళ్లు ఖాళీగా లేవు. ఆయన గంజి యాయనయే త్రాగవచ్చును" అని కొండమరాజు పలికెను. రాయబారి తెల్లగుడ్డ దించుకొని తిరిగిపోయెను. అటుపిమ్మట గాలి యెటు వీఁచినను నేతిపోపులు కోటను గదల్పలేకపోయెను. ఆషాఢమున వాన లారంభమై వాఁగులు పొంగి దండుడేరాలు బురదలోఁ గూలెను. తిండిదారి తెగి తామే యాఁకటికి జిక్కిన యా మహాశూరులు చెప్పక చేయక తరలిపోయిరి.

ఇంతటితో కథ ముగిసినచో మనుష్యులు గొప్పవారని వ్రాసి లేచిపోవచ్చును. కాని కడుపు నిండినంతనే మనుష్యునకు జాతకము జ్ఞప్తికి వచ్చును. ముట్టడి వీడిన పిమ్మటఁ గోటలో గుసగుసలు బయలుదేఱెను. తిన్న నువ్వులలో నెవరెవరి పాపము తన కడుపున వచ్చి చేరినదో యని ప్రతివాఁడును దిగులుపడఁ జొచ్చెను. దీనికిఁ బ్రాయశ్చిత్త మేమని పేరిభట్టు నడిగిరి. ఆయన చాలఁదడవు యోచించి శాస్త్రము చూచి తిలలు దిన్న దోషమునకుఁ దిలదానమే ప్రాయశ్చిత్తమని చెప్పెను. ఆయన చిత్తశుద్ధితోనే చెప్పెను. అది మఱింత విషాదము.

మైదానపుఁ బల్లెలలోఁ గ్రొత్తగా విక్రయమునకు వచ్చిన నువ్వులన్నియు నల్లగుడ్డలలోనికి జేరెను. శనివార ముదయమునఁ గోట యంతయు మూటలు చేతఁబట్టుకొని గుడికి వరుసగా నడచెను. ముందు కొండమరాజు నడచుచుండెను. ఆతఁడు తల వంచుకొనియుండెను. రాజైనవాఁడు ప్రజల భయమునకు లోఁబడక తప్పదని తనకుఁ దాను చెప్పుకొనుచుండెను. ఆతనికిఁ దనలోని భయముగూడఁ గొంత యుండెను.

గుడిగడపకు అడ్డముగా రోలు వేసికొని లక్కమాంబ కూరుచుండియుండెను.

కొండమరాజు నిలిచి "అక్కా! తొలఁగుము. గడపమీఁద నుంచవలెను" అనెను.

"ఎందులకు?"

"మా దోషము పోవుటకు."

లక్కమాంబ లేవలేదు. ఇన్నేండ్లు దారి తొలఁగినది యామెయే గదా. ఆమె రోఁకలి నొడిలో నడ్డముగాఁ బెట్టుకొని తమ్మునివంకను వాని వెనుక నిలిచిన కోటవంకను జూచి యందఱికిని వినఁబడునట్లు "మీ పాపములు మీయొద్దనే యుంచుకొనుఁడు. మీవి గనుక మీరే మోయవలెను. నువ్వులు మాత్రము నా కిచ్చి పొండు. మధ్యాహ్నమునకుఁ బిల్లలు వత్తురు" అని చెప్పెను.

ఎవ్వరును గదలలేదు. పేరిభట్టు నోరు విప్పఁబోయెను. అంతలో మాణిక్యాంబ బిడ్డను జంకనిడుకొని భర్త ప్రక్కనుండి ముందునకు వచ్చి యాతని చేతిలోని మూట నందుకొనెను. ఆమె దానిని తల చుట్టును ద్రిప్పలేదు. నల్లగుడ్డ ముడి విప్పి నువ్వులను రోటఁ గుమ్మరించెను. ఆ గుడ్డను దులిపి మడిచి బిడ్డ ముక్కు తుడిచెను. వెనుకనున్న యొక పల్లెటూరి స్త్రీ నిలువలేక గట్టిగా నవ్వెను. ఆ నవ్వుతో వరుస కదలెను. ఒకరి పిమ్మట నొకరు వచ్చి మూటలు విప్పి పోయఁగా రోలు నిండి పొరలెను. కొండమరాజు నేలఁజిందిన గింజలను వంగి యేఱి రోటిలో వైచెను. లక్కమాంబ రోఁకలి యెత్తి పోటు వేసెను. గుడిలోని శనైశ్చరుఁడు కోపించినాఁడో నవ్వినాఁడో యెవ్వరికిని దెలియదు గాని యా మధ్యాహ్నము ఱెక్కలకొండమీఁదఁ బిల్ల లెవ్వరును నాఁకలితోఁ గూరుచుండలేదు.